మెష్ వైద్య పదావళి: ఏటేటా జరిగే సవరణలపై ఒక సమీక్ష

వైద్య పరిశోధన పత్రాలను వెతికి పట్టుకోవలసిన అవసరం ఉన్నవారందరూ, తెలిసో తెలియకో, ‘మెష్’ను వాడుతూనే ఉంటారు. ‘మెడికల్ సబ్జెక్ట్ హెడింగ్స్’ అనే పూర్తి పేరుతో అమెరికాలోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ 1960లో ప్రారంభించి నేటికీ నిర్వహిస్తున్న ఈ నియంత్రిత పదావళి ఆధారంగానే, వైద్య పరిశోధన పత్రాల డేటాబేసు అయిన మెడ్‌లైన్‌లోని పత్రాలకు విషయ శీర్షికలు కేటాయిస్తారు. ఒక రచయిత ‘హార్ట్ ఎటాక్’ అని రాసినా, మరొకరు ‘మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్’ అని రాసినా ఆ రెండు పత్రాలూ ఒకే శీర్షిక కిందికి చేరతాయి కాబట్టి, రచయితలు వాడగల మాటలన్నిటినీ వెతికేవారు ఊహించనక్కరలేదు. పీజీ విద్యార్థుల థీసిస్‌ల కోసం సాహిత్యాన్వేషణ, అంటే ఆ విషయంపై వచ్చిన పరిశోధన పత్రాలను వెతికి, చేసిపెట్టడం నా వృత్తి. ఈ పదావళిలో ఏటా జరిగే సవరణలు, అప్పుడప్పుడు జరిగే పునర్వ్యవస్థీకరణ దాన్ని వాడుకునేవారికి ఎంత మేలు చేస్తున్నాయి, ఎక్కడ ఇబ్బంది పెడుతున్నాయి అన్నదే ఈ సమీక్షలో చెప్పదలచుకున్నాను.

నిర్మాణం సంగతి క్లుప్తంగా చెబుతాను. దాదాపు 30,000 ప్రధాన శీర్షికలను శరీర నిర్మాణం, జీవులు, వ్యాధులు, ఔషధాలు, భౌగోళిక ప్రాంతాలు వంటి 16 విభాగాల కింద, స్థూలం నుంచి సూక్ష్మానికి దిగే శాఖలుగా అమర్చారు. ఒకే శీర్షిక ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఉండవచ్చు. మధుమేహాన్ని జీవక్రియ వ్యాధుల్లోనూ, వినాళ గ్రంథుల వ్యాధుల్లోనూ చూస్తాం. ప్రతి శీర్షికకూ దాని నిర్వచనం, దాని వైపు దారి చూపే పర్యాయపదాలు ఉంటాయి. ‘కాలా అజార్’ అని మన దేశపు మాటతో వెతికినా ‘విసరల్ లీష్మనియాసిస్’ శీర్షికకు చేరుకుంటాం. ఈ శీర్షికలన్నిటినీ చూపే ‘మెష్ బ్రౌజర్’ అనే వెబ్ పేజీని తెరవడానికి రుసుము లేదు, లాగిన్ లేదు. మొత్తం పదావళిని ఫైళ్ల రూపంలో ఉచితంగా దించుకోవచ్చు. చందాలు కట్టలేక పత్రికలను వదులుకుంటున్న చిన్న కళాశాలలకు ఇది మామూలు విషయం కాదు.

ప్రతి సంవత్సరాంతంలో ఈ పదావళిని సవరించి కొత్త సంవత్సరపు మెష్‌ను అమలులోకి తెస్తారు. ఆ సవరణల్లో నాకు ఎక్కువ గౌరవం కలిగించేది పేర్లు మార్చే పద్ధతి. ఒకప్పుడు ‘మెంటల్ రిటార్డేషన్’గా ఉన్న శీర్షిక ఇప్పుడు ‘ఇంటెలెక్చువల్ డిజెబిలిటీ’ అయింది. రోగులనూ వారి కుటుంబాలనూ నొప్పించే మాటను తొలగించాలన్న నిర్ణయం ఒక ఎత్తయితే, దాన్ని అమలు చేసిన తీరు మరొక ఎత్తు. పాత పేరుతో సూచిక చేసిన పత్రాలపై కొత్త శీర్షికను ఎక్కించారు. పాత పేరును పర్యాయపదంగా నిలిపి ఉంచారు. శీర్షిక గుర్తింపు సంఖ్యను మాత్రం కదపలేదు. కాబట్టి దశాబ్దాల నాటి పత్రమూ నిన్నటి పత్రమూ ఒకే అన్వేషణలో దొరుకుతాయి. పేరు మారినప్పుడల్లా పాత సమాచారం కనుమరుగయ్యే డేటాబేసులతో పని చేసినవారికి ఈ శ్రద్ధ విలువ వెంటనే అర్థమవుతుంది.

అయితే, పేరు మారడం వేరు, కొత్త శీర్షిక పుట్టడం వేరు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే థీసిస్‌లలోని సాహిత్య సమీక్షలు ఎక్కువగా దెబ్బతింటున్నాయని నా అభిప్రాయం. కొత్త భావనకు కొత్త శీర్షిక చేర్చినప్పుడు, అంతకు ముందు వచ్చిన పత్రాలను తిరిగి చదివి ఆ శీర్షికను వాటికి తగిలించే పని సాధారణంగా జరగదు. ఎయిడ్స్‌కు ప్రత్యేక శీర్షిక 1983లో వచ్చింది. ఆ వ్యాధిని తొలిసారి గమనించిన 1981 నాటి పత్రాల కోసం రోగనిరోధక లోపాలు, కపోసి సార్కోమా, న్యుమోసిస్టిస్ న్యుమోనియా వంటి శీర్షికల కింద వెతకవలసిందే. ఏ శీర్షిక ఏ సంవత్సరంలో చేరింది, అంతకు ముందు ఆ విషయాన్ని ఏయే శీర్షికల కింద ఉంచేవారు అన్న వివరాలు బ్రౌజర్‌లోనే కనిపిస్తాయి. సమాచారాన్ని దాచిపెట్టలేదు కాబట్టి నిర్వాహకులను తప్పుపట్టలేం. కానీ మెడ్‌లైన్ పత్రాలను వెతికే వెబ్‌సైట్ అయిన పబ్‌మెడ్ అన్వేషణ పెట్టెలో పదం కొట్టి ఫలితాల సంఖ్య చూసి తృప్తి పడే విద్యార్థి కంటికి ఆ వివరాలు ఆనవు. కొత్త శీర్షికతో వెతికిన ప్రతిసారీ, ఈ శీర్షిక ఫలానా సంవత్సరం నుంచే ఉంది అన్న హెచ్చరిక ఫలితాల పక్కనే కనిపిస్తే ఎంతో మేలు జరిగేది.

దీనికి మినహాయింపులు లేకపోలేదు. ఒక ప్రశ్నపై వచ్చిన పరిశోధనలన్నిటినీ క్రమపద్ధతిలో పరిశీలించే ‘సిస్టమాటిక్ రివ్యూ’ను 2019లో ప్రచురణ రకంగా (పత్రం ఏ తరహాదో చెప్పే గుర్తుగా) చేర్చినప్పుడు, అంతకు ముందు వచ్చిన సమీక్షలకు కూడా ఆ గుర్తు తగిలించారు. కోవిడ్ విషయంలో మరొక మంచి పద్ధతి కనిపించింది. ప్రధాన శీర్షికలు ఏడాదికొకసారి మారితే, రసాయనాలు, అరుదైన వ్యాధుల వంటివాటి కోసం ఉంచిన అనుబంధ రికార్డులను పనిదినాల్లో ఎప్పటికప్పుడు సవరిస్తూ ఉంటారు. 2020 తొలి నెలల్లో కోవిడ్‌ను ముందుగా ఈ అనుబంధ రికార్డుల్లో చేర్చి, 2021 మెష్‌లో వ్యాధికీ వైరస్‌కూ వేర్వేరుగా పూర్తి స్థాయి శీర్షికలు ఇచ్చారు. పత్రాలు వరదలా వచ్చిపడుతున్న ఆ రోజుల్లో సంవత్సరాంతం దాకా ఆగి ఉంటే ఎంత గందరగోళం జరిగేదో ఊహించుకోవచ్చు.

పునర్వ్యవస్థీకరణ ఇంతకంటే సున్నితమైన వ్యవహారం. కొన్నేళ్ల కిందటి వరకు బాక్టీరియా, ఫంగస్ వ్యాధులకు సి01, వైరస్ వ్యాధులకు సి02, పరాన్నజీవుల వ్యాధులకు సి03 అనే మూడు శాఖలు విడివిడిగా ఉండేవి. వాటన్నిటినీ ‘ఇన్‌ఫెక్షన్స్’ అనే పేరుతో సి01లోకి తెచ్చారు. ఈనాడు వ్యాధుల విభాగం తెరిస్తే సి01 తరువాత నేరుగా సి04 కనిపించడానికి కారణం అదే. సూక్ష్మజీవి ఏ జాతిదో ఇంకా తేలని అంటువ్యాధిని ఎక్కడ ఉంచాలన్న చిక్కు దీనితో చాలావరకు తీరింది కాబట్టి, ఇది సరైన మార్పేనని నేను భావిస్తాను. అయితే పబ్‌మెడ్‌లో ఒక స్థూల శీర్షికతో వెతికితే దాని కింద ఉన్న సూక్ష్మ శీర్షికలన్నీ వాటంతట అవే కలిసి వస్తాయి. అంటే, శాఖ కదిలిందంటే, అన్వేషణ సూత్రంలో, అంటే వెతకడానికి కూర్చుకున్న పదాల వరుసలో, ఒక్క అక్షరం మారకపోయినా ఫలితాలు మారిపోతాయి. అందుకే థీసిస్‌లో అన్వేషణ జరిపిన తేదీని కూడా రాయాలని, భద్రపరచుకున్న సూత్రాలను ప్రతి జనవరిలో మళ్లీ పరీక్షించాలని పట్టుబడతాను. సొంత డేటాబేసు తయారు చేసుకునే గ్రంథాలయాలు శాఖ సంఖ్యలపై ఆధారపడకూడదు. మధుమేహం శాఖలు రేపు మారినా, డి003920 అనే దాని గుర్తింపు సంఖ్య మారదు. నమోదు చేసుకోవలసింది ఆ సంఖ్యను.

శీర్షికలు కేటాయించే పని 2022 నుంచి పూర్తిగా యంత్ర పద్ధతిలోకి వెళ్లింది. ఒకప్పుడు వారాలు, నెలలు ఆగవలసి వచ్చిన చోట ఇప్పుడు ఒక రోజులోపే శీర్షికలు కనిపిస్తున్నాయి. వేగం నిజమైన లాభమే. కానీ మనుషులు పూర్తి పత్రం చూసి శీర్షికలు ఇచ్చేవారు. యంత్రం ప్రధానంగా పత్రం పేరు, సారాంశం ఆధారంగా నిర్ణయిస్తుంది. సారాంశంలో ప్రస్తావించని జనవర్గం, వయసు, పద్ధతి శీర్షికల్లోకి రాకపోయే అవకాశం ఉంది. మన పరిశోధకులు సారాంశం రాసేటప్పుడు అధ్యయనం ఎవరిపై, ఎక్కడ, ఎలా జరిగిందో స్పష్టంగా చెప్పడం ఇప్పుడు మరింత అవసరమైంది.

‘ఎక్కడ’ అన్న ప్రశ్న దగ్గరే మెష్ మన పాఠకులకు ఎక్కువ నిరాశ కలిగిస్తుంది. అమెరికా రాష్ట్రాలకు, అక్కడి కొన్ని నగరాలకు కూడా విడి శీర్షికలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌కు గానీ తెలంగాణకు గానీ లేవు. ఉద్దానం మూత్రపిండ వ్యాధి మీదనో, నల్లగొండ ఫ్లోరోసిస్ మీదనో పని చేసే విద్యార్థికి ‘ఇండియా’ అన్న శీర్షిక దేశమంతటి పత్రాలను తెచ్చి పోస్తుంది తప్ప జిల్లా దాకా తీసుకువెళ్లదు. ఊరి పేరు, మండలం పేరు, జిల్లా పేరు, వాటి పాత స్పెల్లింగులు అన్నీ మామూలు పదాలుగా చేర్చుకుని వెతకక తప్పదు. పైగా పబ్‌మెడ్‌లో కనిపించే ప్రతి పత్రానికీ మెష్ శీర్షికలు ఉండవు. మెడ్‌లైన్‌కు ఎంపికైన పత్రికలకే ఆ భాగ్యం. మన దేశపు పత్రికలు చాలావరకు ఆ పరిధి బయటే ఉన్నాయి. నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్‌పై 1937లో ‘ఇండియన్ మెడికల్ గెజెట్’లో వచ్చిన అధ్యయనం ఈ రంగంలో తొలినాటి ఆధారాల్లో ఒకటి, మెడ్‌లైన్ కాలానికి ముందుదైన అలాంటి పత్రాన్ని మెష్ శీర్షికతో మాత్రమే వెతికేవారు కోల్పోతారు. కాబట్టి శీర్షికలనూ మామూలు పదాలనూ కలిపి వెతకమని గట్టిగా చెబుతాను.

సంప్రదాయ వైద్యం విషయంలోనూ ఇదే లోటు. ఆయుర్వేదానికి శీర్షిక ఉంది, యోగాకు ఉంది; కానీ ఆయుర్వేదంలోని చికిత్సా విధానాలను వేరుచేసి చూపేంత లోతు లేదు. దీనికి పరిష్కారం ఎలా ఉండవచ్చో బ్రెజిల్‌లోని బిరెమె సంస్థ చూపింది. మెష్‌ను స్పానిష్, పోర్చుగీసు భాషల్లోకి తెచ్చిన ‘డెక్స్’ పదావళిలో ప్రజారోగ్యం, హోమియోపతి వంటి విభాగాలను ఆ సంస్థ అదనంగా చేర్చుకుంది. మూలాన్ని చెడగొట్టకుండా తమ అవసరాలకు తగినట్టు విస్తరించుకున్న ఆ పద్ధతిని మన ఆయుష్ సంస్థలు అధ్యయనం చేయాలి.

కొత్త శీర్షికల కోసం, ఉన్నవాటి సవరణ కోసం సూచనలు పంపే అవకాశం మెష్ వెబ్‌సైట్‌లో అందరికీ ఉంది. కోరిన శీర్షికకు నిర్వచనం, పరిశోధన పత్రాల్లో ఆ మాట వాడుకలో ఉన్నట్టు ఆధారాలు, శాఖల్లో దాని స్థానంపై ప్రతిపాదన జతచేసి పంపితే ఆ విన్నపానికి బలం ఉంటుంది. ఉద్దానం మీద పని చేస్తున్న మూత్రపిండ వైద్యులు, రెండు రాష్ట్రాల ఆరోగ్య విశ్వవిద్యాలయాల గ్రంథాలయాధికారులు కలిసి కూర్చుంటే ముందుగా రాయవలసిన విన్నపం రాష్ట్రాల పేర్ల గురించే కావాలని నా కోరిక.