ఫ్లైట్ టైమ్ కాలిక్యులేటర్లతో ఆరేళ్లు: దూరం సరే, గంటల సంగతే తేలదు

ఆఫీసు పని మీద లండన్, న్యూయార్క్‌ల మధ్య ఏడాదికి మూడు నాలుగు సార్లు తిరుగుతుంటాను. రెండు ఊళ్ల పేర్లు కొడితే దూరం, ప్రయాణ సమయం చెప్పే కాలిక్యులేటర్లు అలా అలవాటయ్యాయి. ఇప్పటికి మూడు నాలుగు మార్చాను.

దూరానికి వంక పెట్టలేం. ఈ రెండు విమానాశ్రయాల మధ్య 5,540 కిలోమీటర్లని అన్నీ ఇంచుమించు ఒకే మాట చెబుతాయి. ఊరి నడిబొడ్డు నుంచి కొలిస్తే ఓ పాతిక, ముప్పై కిలోమీటర్లు పెరుగుతుంది, అంతే. మైళ్లతోనే జాగ్రత్త. అదే దూరం మామూలు మైళ్లలో 3,440 పైచిలుకు, ఓడలకీ విమానాలకీ వాడే, కాస్త పొడవైన నాటికల్ మైళ్లలో 2,990. ఒకసారి ఈ రెండూ కలిపేసుకుని, దారి తగ్గిందేమిటా అని చాలాసేపు బుర్ర గోక్కున్నాను.

చిక్కంతా టైమ్‌తోనే. నేను ఎక్కువ కాలం వాడిన సైట్ దూరాన్ని గంటకు 850 కిలోమీటర్ల వేగంతో భాగించి, పైన ఓ అరగంట కలుపుతుంది. లెక్క 7 గంటలకు తేలుతుంది. పోవడానికీ అంతే, రావడానికీ అంతేనట! అట్లాంటిక్ మీద బాగా ఎత్తున జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. న్యూయార్క్ నుంచి వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, వెళ్లేటప్పుడు ఎదురుగాలి అవుతుంది. నా టికెట్లలో వెళ్లడానికి 8 గంటలు, రావడానికి 7 గంటల దాకా ఉండేది. చలికాలంలో ఈ గాలి మరీ బలంగా ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో తుపాను రోజుల్లో ఒక విమానం న్యూయార్క్ నుంచి 4 గంటల 56 నిమిషాల్లోనే లండన్‌లో దిగింది.

నాకు గట్టిగా తగిలింది మాత్రం 2023లో, టోక్యో ప్రయాణంలో. లండన్ నుంచి దాదాపు 9,600 కిలోమీటర్లు, 12 గంటలు అని చూపించింది. టికెట్ ఇంకా చేతికి రాకముందే, ఆ లెక్కన దిగిన రోజే మీటింగ్‌కి ఒప్పేసుకున్నాను. 2022 నుంచి యూరప్, జపాన్ సంస్థల విమానాలు రష్యా మీదుగా వెళ్లడం లేదు, చుట్టు తిరిగి పోతున్నాయి. టికెట్ వచ్చాక చూస్తే 14 గంటలు. మీటింగ్ మర్నాటికి మార్చమని బతిమాలుకోవాల్సి వచ్చింది. సైట్ గీసిన గీత మాత్రం అప్పటికీ నేరుగా రష్యా మీదుగానే ఉంది!

దూరానికి ఐదుకు ఐదు ఇస్తాను, సమయానికి రెండు.

ఇప్పుడు వాడుతున్నదీ గాలిని లెక్కలోకి తీసుకోదు. అయినా ఉంచుకున్నాను, గడియారం దగ్గర తప్పు చేయదని. వేసవి వేళల కోసం అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, బ్రిటన్‌లో నెలాఖరి ఆదివారం. ఆ మధ్య రోజుల్లో రెండు ఊళ్లకీ తేడా 5 గంటలు కాదు, 4. పాత సైట్ ఈ సంగతి పట్టించుకునేదే కాదు.