ఫ్రిజ్ అమ్మకానికి పెడితే నా ఖాతాలోంచే 9,500 రూపాయలు పోయాయి: వాడిన వస్తువులు అమ్మేవారికి హెచ్చరిక

హనుమకొండ నుంచి కరీంనగర్‌కు ఇల్లు మారుతూ, ఆరేళ్లు వాడిన మా డబుల్ డోర్ ఫ్రిజ్‌ను అమ్మేద్దామని ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టాను. ధర 9,500 రూపాయలని రాశాను. ప్రకటన పెట్టిన ఇరవై నిమిషాలకే ఫోన్ వచ్చింది. ఆ తర్వాత గంట తిరగకముందే నా ఖాతాలోంచి సరిగ్గా అంతే మొత్తం వెళ్లిపోయింది. ఇలాంటి మోసాల గురించి పేపర్లో చదివిన దాన్నే అయినా, నా దాకా వచ్చేసరికి గుర్తుపట్టలేకపోయాను. మరొకరికి ఇలా జరగకూడదని ఆ గంటలో జరిగినదంతా వరుసగా రాస్తున్నాను.

ఫోన్ చేసిన వ్యక్తి తాను సైన్యంలో పనిచేస్తున్నానని, సికింద్రాబాద్ కంటోన్మెంట్‌కు కొత్తగా బదిలీ అయి వచ్చానని, క్వార్టర్‌లోకి వెంటనే ఫ్రిజ్ కావాలని హిందీలో చెప్పాడు. చాలా మర్యాదగా, మాటకు ముందొకసారి తర్వాతొకసారి 'మేడమ్' అంటూ మాట్లాడాడు. నేను అడగకుండానే యూనిఫాంలో ఉన్న ఫొటో, గుర్తింపు కార్డు, క్యాంటీన్ కార్డు వాట్సాప్‌లో పంపాడు. ధర తగ్గించమని అడగలేదు. ఫ్రిజ్ ఎన్ని లీటర్లదని గానీ, గ్యాస్ ఎప్పుడైనా నింపించారా అని గానీ, కంప్రెసర్ మార్చారా అని గానీ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. సాయంత్రం తమ యూనిట్ వాహనం వచ్చి తీసుకువెళుతుందని, గేటు పాస్ ఇవ్వాలంటే డబ్బు చెల్లించినట్టు ముందుగా చూపించాలని, అందుకని ఇప్పుడే పంపేస్తానని అన్నాడు.

నేను ఆగవలసిన చోటు అదే. సంతలో ఎద్దును కొనేవాడు పళ్లు పట్టి చూడనిదే బయానా ఇవ్వడు. అలాంటిది అంత దూరంలో ఉండి, కంటితో చూడని పాత ఫ్రిజ్‌కు బేరమైనా ఆడకుండా మొత్తం డబ్బు ముందే ఇస్తానన్నాడంటే, అతనికి కావలసింది ఫ్రిజ్ కాదని నాకు తట్టి ఉండాల్సింది. యూనిఫాం చూసి నమ్మాను. సైనికుల మీద మనకున్న గౌరవాన్నే ఈ ముఠాలు పెట్టుబడిగా వాడుకుంటున్నాయి, ఆ కార్డుల మీద ఉన్న ఫొటో నిజంగా ఎవరిదో, తన ఫొటోను ఇలా వాడుతున్నారని ఆ మనిషికి తెలిసి కూడా ఉండకపోవచ్చు. ఆర్థిక మోసాల మీద రిజర్వు బ్యాంకు 2022లో విడుదల చేసిన చిన్న పుస్తకంలో, దూర ప్రాంతాల్లో పనిచేసే రక్షణ సిబ్బందిమని చెప్పుకొంటూ కొనుగోలుదారుల్లా వచ్చేవారి గురించి ప్రత్యేకంగా రాశారని ఆ తర్వాత తెలిసింది.

మొదట 5 రూపాయలకు ఒక క్యూఆర్ కోడ్ పంపి, 'పరీక్ష కోసం దీన్ని స్కాన్ చేయండి, 10 రూపాయలు తిరిగి వస్తాయి' అన్నాడు. స్కాన్ చేసి పిన్ కొట్టాను, చెప్పినట్టే క్షణంలో 10 రూపాయలు వచ్చాయి. దాంతో మిగిలిన అనుమానం కూడా పోయింది. రెండో కోడ్‌లో నల్ల గళ్ల పైన ఆకుపచ్చ పట్టీ ఉంది, ఆ పట్టీ మీద 'మీరు 9,500 రూపాయలు అందుకుంటారు' అని ఇంగ్లీషులో ఉంది. ఆ అక్షరాలు బొమ్మ మీద ఎవరో రాసుకున్నవి తప్ప బ్యాంకుకూ వాటికీ ఏ సంబంధమూ లేదు. స్కాన్ చేయగానే నా యాప్ మాత్రం నిజమే చెప్పింది: డబ్బు చెల్లిస్తున్నట్టు చూపించింది, పుచ్చుకునే చోట ఒక మహిళ పేరు చూపించింది. ఆ పేరేమిటని అడిగితే, 'మా అకౌంట్స్ సెక్షన్ మేడమ్‌ది' అన్నాడు. ఆ పది నిమిషాల్లో ఒక్కసారి కూడా ఫోన్ పెట్టనివ్వలేదు, 'జల్దీ మేడమ్, టైమ్ అయిపోతుంది' అంటూనే ఉన్నాడు. పిన్ కొట్టాను. డబ్బు పోయింది.

వెంటనే, ఏదో లోపం వల్ల అలా జరిగిందని, రీఫండ్ కోడ్ పంపుతున్నానని అదే మొత్తానికి మరో క్యూఆర్ పంపాడు. దాన్ని కూడా స్కాన్ చేయబోతుండగా కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయి నా చేతిలోని ఫోన్ చూసి, 'అమ్మా, డబ్బులు రావడానికి పిన్ ఎందుకు?' అని కాల్ కట్ చేసింది.

యూపీఐలో పిన్ అవసరమయ్యేది డబ్బు పంపడానికి, లేదా ఖాతాలో ఎంత ఉందో చూసుకోవడానికి. మనకు డబ్బు రావాలంటే పిన్ అక్కర్లేదు, అవతలివారు పంపిన కోడ్‌ను స్కాన్ చేయనక్కర్లేదు. మన కోడ్‌ను వారు స్కాన్ చేయాలి, లేదా మన నంబరుకు పంపాలి. ఒకరి నుంచి ఒకరు డబ్బు అడిగే 'కలెక్ట్ రిక్వెస్ట్' సదుపాయాన్ని ఇలాంటి మోసాల వల్లే యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఆపేసింది. అయినా క్యూఆర్ దారి తెరిచే ఉంది.

మా తోటికోడలికి ఎదురైనది మరో రకం. ఆమె 2,000 రూపాయలకు పిల్లల సైకిల్ అమ్మకానికి పెడితే, కొంటానన్న మనిషి, 'పొరపాటున ఒక సున్నా ఎక్కువ కొట్టి 20,000 పంపాను, 18,000 తిరిగి పంపండి, ఆసుపత్రి ఖర్చుకు దాచుకున్న డబ్బు' అని ఏడుపు గొంతుతో బతిమాలాడు. ఆమె ఫోన్‌కు 20,000 జమ అయినట్టు మెసేజ్ కూడా వచ్చింది. కానీ అది పది అంకెల మామూలు మొబైల్ నంబరు నుంచి వచ్చింది. బ్యాంకు మెసేజ్ పైన ఉండేది అక్షరాలతో కూడిన పేరే తప్ప మొబైల్ నంబరు కాదు. ఆమె యాప్ తెరిచి ఖాతా చూసుకుంది కాబట్టి బయటపడింది. ఇంటికే వచ్చి, తన ఫోన్‌లో చెల్లింపు పూర్తయినట్టు చూపించే మనిషి విషయంలో కూడా మన ఖాతాలో జమ కనిపించేదాకా వస్తువు గడప దాటనివ్వకండి.

చివరికి మా ఫ్రిజ్‌ను కాజీపేట నుంచి వచ్చిన దంపతులు కొన్నారు. ఆవిడ తలుపు రబ్బరు చుట్టూ వేలితో తడిమి చూసింది, ఆయన అరగంట ఆగి ఫ్రీజర్‌లో చెయ్యి పెట్టి చూశాడు. బేరమాడి 8,200కు ఒప్పించి, డబ్బు చేతిలో పెట్టి ట్రాలీ ఆటోలో తీసుకువెళ్లారు.

డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. బ్యాంకుకు కూడా తెలియజేయండి. లావాదేవీ వివరాల్లో ఉండే పన్నెండు అంకెల రిఫరెన్స్ నంబరు, అవతలి యూపీఐ ఐడీ, ఫోన్ నంబరు, చాటింగ్ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, కోపంతో చాట్‌ను తుడిచేయకండి. డబ్బు ఇంకా ఆ ఖాతాలోనే ఉంటే దాన్ని అక్కడే నిలిపివేసే అవకాశం ఉంటుంది. మా ఆయనకు ఎలా చెప్పాలో తెలియక నేను మూడు గంటలు ఊరుకున్నాను. ఫిర్యాదు చేసేసరికి ఆ సొమ్ము అక్కడి నుంచి వేరే ఖాతాలకు వెళ్లిపోయిందని చెప్పారు.