సీప్యాప్ మాస్కు శుభ్రానికి సబ్బునీళ్లా, ఓజోన్ పెట్టెనా: ఏది మేలు?

సీప్యాప్ అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు (స్లీప్ అప్నియా) ఉన్నవారికి ట్యూబు, మాస్కుల ద్వారా ఒత్తిడితో గాలి పంపే యంత్రం. రాత్రంతా ముఖానికి అంటుకుని ఉండే సీప్యాప్ మాస్కుకు అసలు శత్రువు క్రిముల కంటే ముందు జిడ్డు. ముఖానికి ఆనే మెత్తని సిలికాన్ కుషన్ అంచుకు చర్మపు జిడ్డు పట్టిందంటే మాస్కు జారుతుంది, గాలి కళ్లలోకి కొడుతుంది. ఆ లీకు ఆపాలని పట్టీలు బిగిస్తే ముక్కు దూలం మీద పుండు పడుతుంది. అందుకే ఏ పద్ధతినైనా ముందు అడగాల్సింది ఒకటే: జిడ్డు వదిలిస్తుందా?

సబ్బునీళ్లు వదిలిస్తాయి. బేసిన్‌లో 30 డిగ్రీల దాకా ఉన్న గోరువెచ్చని నీళ్లు పోసి, వాసన లేని గిన్నెల లిక్విడ్ రెండు చుక్కలు కలపండి. కుషన్‌ను ఫ్రేము నుంచి ఊడదీసి వేళ్లతో రుద్ది, జారుడు పోయేదాకా కడిగి నీడలో ఆరబెట్టండి. ఎండ వద్దు. కుషన్ రోజూ, పట్టీలూ ట్యూబూ వారానికోసారి. మాస్కు ముందున్న సన్నని రంధ్రాలను మెత్తని బ్రష్‌తో దులపడం మరవకండి. మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయే దారి అదే. మెమొరీ ఫోమ్ కుషన్ అయితే మాత్రం నీళ్లలో ముంచకూడదు.

మాయిశ్చరైజర్ సబ్బులు మళ్లీ పొర వదులుతాయి, అంటే పని మొదటికొస్తుంది. డెట్టాల్ వేస్తే ఆ ఘాటు తెల్లవార్లూ ముక్కులోకే. బ్లీచ్, స్పిరిట్ మాస్కు భాగాలను పాడుచేస్తాయి.

వెనిగర్ పనికొచ్చేది మాస్కుకు కాదు, గాలికి తేమ ఇచ్చే మెషీన్ నీళ్ల ట్యాంకుకు. బోరు నీళ్లు పోస్తే అడుగున తెల్లగా పేరుకునే సున్నానికి ఒక వంతు తెల్ల వెనిగర్, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు నానబెట్టి బాగా కడిగితే చాలు. డిస్టిల్డ్ వాటర్ వాడేవారికి ఈ బాధే ఉండదు. తడి వైప్స్ రైలు ప్రయాణాలకు బాగుంటాయి, ఆల్కహాల్ లేనివి చూసుకోండి. వాటితో మడతల్లోని జిడ్డు మాత్రం పూర్తిగా రాదు.

ఇక మాస్కును లోపల పెడితే ఓజోన్ వాయువుతోనో యూవీ (అతినీలలోహిత) వెలుగుతోనో శుభ్రం చేసే ఖరీదైన పెట్టెలు. ఓజోన్ క్రిములను చంపాలంటే మనిషి పీల్చదగిన స్థాయిని బాగా దాటాలి. ట్యూబులో మిగిలిపోతే ఊపిరితిత్తులకు చేటు, ఉబ్బసం ఉన్నవారికి మరీను. జిడ్డు మాత్రం ఎక్కడిదక్కడే. సీప్యాప్ శుభ్రం చేసే ఓజోన్, యూవీ పరికరాల్లో దేనికీ అప్పటికి తమ అనుమతి లేదని అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 ఫిబ్రవరిలో హెచ్చరించింది. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ తన సీప్యాప్ యంత్రాలను వెనక్కి పిలిచినప్పుడు, లోపలి శబ్దం తగ్గించే ఫోమ్ చివికిపోవడానికి ఓజోన్ శుభ్రత కూడా తోడై ఉండవచ్చని చెప్పింది. యూవీది ఇంకో చిక్కు: వెలుగు పడినచోటే పని. కుషన్ మడతల్లోకి, ముడతల ట్యూబు లోపలికి అది చేరదు.

ఒక్కరే వాడే మాస్కుకు ఇంట్లో రోజూ డిసిన్ఫెక్షన్ (క్రిములను చంపే శుద్ధి) అక్కర్లేదు. ఆసుపత్రిలో పలువురికి వాడే మాస్కుల లెక్క వేరు. వేరొకరు వాడిన మాస్కును మాత్రం ఎంత కడిగినా పెట్టుకోవద్దు. జలుబు చేసిన వారం ట్యూబునూ రోజూ కడగండి, తగ్గాక మెషీన్ గాలి ఫిల్టర్ మార్చండి.

వానాకాలంలో ట్యూబు ఆరదు. రెండు కొసలూ కిందికి వేలాడేలా తీగ మీద వేయండి. అప్పటికీ తడి మిగిలితే ట్యాంకులో నీళ్లు తీసేసి, ట్యూబును మెషీన్‌కు తగిలించి కాసేపు ఉత్త గాలి వదలండి.