జర్మనీలో పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) చాలా, పౌరసత్వం తీసుకోవాలా?

ఫీజు: పీఆర్‌కు 113 యూరోలు, పౌరసత్వానికి 255. ఇదసలు లెక్కే కాదు.

ఎదురుచూపు: బ్లూ కార్డుతో (నిపుణులైన విదేశీ ఉద్యోగులకిచ్చే అనుమతి) పనిచేస్తూ బీ1 స్థాయి (మధ్యస్థ) జర్మన్ భాష వస్తే 21 నెలలకే పీఆర్. పౌరసత్వానికి మామూలుగా 5 ఏళ్లు, పైగా పరీక్ష. 33 ప్రశ్నల్లో 17 చాలు, భయం వద్దు.

వదులుకునేది: 2024 జూన్ నుంచి జర్మనీ రెండు పౌరసత్వాలకు ఒప్పుకుంటోంది. ఇండియా ఒప్పుకోదు. చేయి వణికేది ఇక్కడే. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇండియా ఇచ్చేది) వస్తుంది, వీసా గొడవ ఉండదు. కానీ ఇండియాలో ఓటు పోతుంది, ఊళ్లో పొలం కొనలేం. పీఆర్ అయితే ఇండియా పాస్‌పోర్టు మన దగ్గరే.

రిస్క్: పీఆర్‌తో జర్మనీ దాటి 6 నెలలు మించితే మామూలుగా అది రద్దు. పౌరులకు ఆ టెన్షన్ లేదు, అక్కడ ఓటూ ఉంటుంది.

అమ్మానాన్నల దగ్గరికి శాశ్వతంగా వెళ్లిపోవాలనుకుంటే పీఆర్ చాలు. పిల్లల చదువులు, ఇల్లు, స్నేహాలు జర్మనీలోనే కుదురుకుంటే పౌరసత్వమే మేలు.