ఎనిమిదేళ్లుగా విండోస్ సెర్చ్ ఇండెక్స్, దాని లాగ్: ఓ దస్తావేజు లేఖరి అనుభవం

మా నాయన కర్నూల్లో దస్తావేజు లేఖరి. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ ఊరి మీద పడినప్పుడు ఆయన దాచుకున్న నకళ్లన్నీ బురదపాలయ్యాయి. అప్పటినుంచి రాసిన ప్రతి చిత్తునూ కంప్యూటర్లో పెడుతూ వచ్చాం. ఇప్పుడు అంగడి నాది. డీ డ్రైవ్‌లో యాభై వేలకు పైగా ఫైళ్లున్నాయి. కోడుమూరు నుంచో ఓర్వకల్లు నుంచో వచ్చే రైతు సర్వే నంబరు చెప్పడు. "మా చిన్నాయనా మేమూ భాగాలు పంచుకున్న కాగితమప్పా, బాయి మా వంతుకొచ్చింది సూడు" అంటాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఫైలు తీయాలి. చెక్కుబందిలో (పొలం నాలుగు ఎల్లల వివరంలో) ఉన్న ఓ పేరు కొడితే దస్తావేజు బయటికి రావాలి. ఆ పని చేసిపెట్టేది విండోస్ సెర్చ్. ఫైళ్లలోని మాటలను ముందే చదివి ఒక పట్టికలో రాసుకుంటుంది. ఆ పట్టికే ఇండెక్స్, దాన్ని రాసేది ఇండెక్సర్. 2017 నుంచి విండోస్ 10 మీద దాన్ని రోజూ వాడుతున్నాను. అది సరిగా పనిచేసిన రోజుల కంటే, చేయనప్పుడు లాగ్‌లో, అంటే విండోస్ తనలో జరిగింది రాసుకునే చిట్టాలో, ఏం రాసి పెట్టిందో దాని గురించే ఇక్కడ ఎక్కువ చెబుతాను.

ముందు ఒక మాట. కొత్తగా పెట్టుకున్నవాళ్లు 'అన్నీ వెతుకుతుంది' అనుకుంటారు. మామూలు అమరికలో అది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ లాంటి చోట్లే చూస్తుంది. డీ డ్రైవ్‌ను ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో మనమే చేర్చాలి. మొదటి మూడు నెలలు నేను ఆ పని చేయలేదు, సెర్చ్ పనికిరాదని తీర్మానించుకున్నాను.

చేర్చాక పని మొదలైంది, దాంతోపాటు ఆ లాగ్‌ను చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో పసుపు (హెచ్చరిక), ఎరుపు (ఎర్రర్) గుర్తులు కూడా మొదలయ్యాయి. ఆ గుర్తులు చూసి భయపడేవాళ్లు చాలామంది. ఆ భయం మీదే బతికే మోసగాళ్లున్నారు. ఫోన్ చేసి, ఈవెంట్ వ్యూయర్ తెరిపించి, 'చూశారా, ఇన్ని ఎర్రర్లు, వైరస్ పట్టింది' అని డబ్బు గుంజుతారు. ఆరోగ్యంగా ఉన్న మెషీన్‌లో కూడా ఆ గుర్తులు ఉంటాయి. దయచేసి ఇంట్లో పెద్దవాళ్లకు ఈ సంగతి చెప్పి ఉంచండి.

నేను చేసిన తప్పు వేరే. 2019లో మెషీన్ నెమ్మదించిందని ఒకాయన సలహా ఇస్తే సర్వీసెస్‌లో విండోస్ సెర్చ్‌ను ఆపేశాను. లాగ్ ప్రశాంతమైపోయింది. అంగట్లో మాత్రం ఒక్కో కాగితానికి అరగంట పట్టేది. నాలుగు నెలలు అలాగే నడిపి మళ్లీ ఆన్ చేశాను. అప్పుడే అనుకున్నాను, ఈ గుర్తులు ఏం చెబుతున్నాయో చదవడం నేర్చుకోవాలని.

అప్లికేషన్ లాగ్‌లో నాకు ఎక్కువగా కనబడింది 3036 నంబరు హెచ్చరిక. ఫలానా చోటును క్రాల్ చేయలేకపోయానని, అంటే లోపలికి వెళ్లి ఫైళ్లు చదవలేకపోయానని, దాని అర్థం. మా దగ్గర పనిచేసి వెళ్లిపోయిన కుర్రాడి యూజర్ ఖాతాను తీసేశాను గానీ, ఇండెక్స్‌కు ఇచ్చిన జాబితాలో ఆ ఖాతా చోటు మిగిలిపోయింది. హెచ్చరికలో ఎస్-1-5-21 అని మొదలయ్యే పొడుగాటి సంఖ్య ఉంటే అది ఒక ఖాతా గుర్తింపు అని తెలిశాక, ఆ చోటు మీద టిక్ తీసేశాను. హెచ్చరిక మళ్లీ రాలేదు.

అసలు విషయం ఆ సందేశం చివర ఉండే కోడ్‌లో ఉంటుంది. చూడ్డానికి గజిబిజిగా ఉన్నా, చదివే పద్ధతి చాలా సులువు. 8007తో మొదలైతే చివరి నాలుగు అంకెలు చూడండి. అవి పదహారు ఆధారంగా రాసిన సంఖ్య. కాలిక్యులేటర్‌లో ప్రోగ్రామర్ మోడ్ పెట్టి మామూలు సంఖ్యలోకి మార్చుకుని, కమాండ్ ప్రాంప్ట్‌లో 'నెట్ హెల్ప్‌ఎంఎస్‌జి' (net helpmsg) పక్కన ఆ సంఖ్య కొడితే అర్థం ఒక వాక్యంలో వస్తుంది. 80070005 అంటే 5, అనుమతి లేదు. 80070020 అంటే 32, ఫైలు ఇంకో ప్రోగ్రామ్ చేతిలో ఉంది. ఈ 32 నాకు రాత్రి తొమ్మిదికి బ్యాకప్ నడిచే వేళే వచ్చేది. దాన్ని వదిలేశాను, కాసేపటికి ఇండెక్సర్ మళ్లీ వచ్చి ఆ ఫైలును చదువుకునేది. 5 అలా వదిలేసేది కాదు. పాత మెషీన్ నుంచి తెచ్చిన ఒక ఫోల్డర్‌కు 'సిస్టమ్' అనే ఖాతాకు చదివే హక్కు లేదు. ఇండెక్సర్ నడిచేది ఆ ఖాతా కిందే. సెక్యూరిటీ ట్యాబ్‌లో హక్కు ఇచ్చాక రెండేళ్ల దస్తావేజులు ఒక్కసారిగా సెర్చ్‌లోకి వచ్చాయి. నేను తెరిస్తే తెరుచుకునే ఫైలును అది ఎందుకు చదవలేకపోతోందో అప్పటిదాకా నాకు అంతుబట్టలేదు.

ఏ ఫైలు దగ్గర ఆగిందో ఈవెంట్ వ్యూయర్ చాలాసార్లు చెప్పదు. దాని కోసం ప్రోగ్రామ్‌డేటా లోపల, సెర్చ్ డేటా ఉండే చోట, గ్యాదర్‌లాగ్స్ అనే ఫోల్డర్ తెరవాలి. అడ్మినిస్ట్రేటర్ హక్కు ఉంటే అక్కడి ఫైళ్లు నోట్‌ప్యాడ్‌లోనే తెరుచుకుంటాయి. ఒక్కో వరుసలో ఫైలు దారి, దాని పక్కన కోడ్ ఉంటాయి. తేదీలు మనం చదివే రూపంలో ఉండవు గానీ, దారీ కోడూ చాలు. ఈ ఫోల్డర్ గురించి ఎవరైనా ముందే చెప్పి ఉంటే నాకు రెండేళ్లు కలిసొచ్చేవి.

లాగ్‌లో ఏ ఎర్రరూ లేకుండా ఫైలు దొరకని సందర్భాలు కూడా ఉన్నాయి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన చిత్తుల్లో మన కంటికి తెలుగే కనిపిస్తుంది, లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. యూనికోడ్‌లో 'రామళ్లకోట' అని వెతికితే అది దొరకదు. ఇండెక్సర్ తనకు కనిపించింది తాను రాసుకుంది, అది దాని తప్పు కాదు. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లూ అంతే, అవి బొమ్మలు. వాటికి ఊరి పేరు, సర్వే నంబరు ఫైలు పేరులోనే పెట్టుకోవడం తప్ప నాకు వేరే దారి కనబడలేదు.

ఇక 2023 మే. సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ అప్పటికే నీరసించి ఉంది, మెషీన్ టక్కున ఆగిపోయింది. పొద్దున వచ్చి వెతికితే ఒక్క ఫలితం లేదు. సిస్టమ్ లాగ్‌లో కెర్నెల్ పవర్ పేరుతో 41, అంటే మెషీన్ సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగింది. అప్లికేషన్ లాగ్‌లో 7040, 7042. ఇండెక్స్ డేటా చెడిపోయిందనీ, సర్వీస్ ఆగుతోందనీ వాటి అర్థం. తర్వాత 1008, అంటే పాత ఇండెక్స్‌ను తీసేసి కొత్తది కట్టడం మొదలైంది. గంటల తేడాతో వరుసగా పడిన ఈ నాలుగూ ఒకే సంఘటన. విడివిడిగా చూస్తే నాలుగు జబ్బుల్లా కనిపిస్తాయి. అందుకే ఇప్పుడు రెండు లాగ్‌లనూ పక్కపక్కన పెట్టుకుని, గడియారం చూసి చదువుతాను.

కట్టడం రెండో రోజుకు కూడా పూర్తి కాలేదు. అప్పుడు ఈసెంట్ (ఇండెక్స్‌ను దాచిపెట్టే డేటాబేస్ భాగం) పేరుతో 507 వచ్చింది. చదవమని అడిగిన డేటా రావడానికి అసాధారణంగా ఎక్కువసేపు పట్టింది, హార్డ్‌వేర్ లోపం కావచ్చు అని ఆ సందేశమే చెబుతుంది. సిస్టమ్ లాగ్‌లో డిస్క్ పేరుతో 7, అంటే డిస్క్ మీద చెడిపోయిన బ్లాకు. గ్యాదర్‌లాగ్స్‌లో 2014 ఫోల్డర్‌లోని మూడు ఫైళ్ల పక్కన 80070017. మార్చి చూస్తే 23, డిస్క్ మీద డేటా చదవడంలో పొరపాటు.

మామూలు రోజుల్లో ఇండెక్సర్ మారిన ఫైళ్లనే చూస్తుంది. 2014 నాటి దస్తావేజును తొమ్మిదేళ్లుగా ఎవరూ తెరవలేదు, దాని కింద డిస్క్ ఎప్పుడు పుచ్చిపోయిందో ఎవరికీ తెలియలేదు. ఇండెక్స్ మొదటినుంచీ కట్టేటప్పుడు మాత్రం అది ప్రతి ఫైలు తలుపూ తట్టింది. నా మెషీన్‌లో ఆ పని చేసేది ఇంకేదీ లేదు. సర్వీస్‌ను 2019లోలాగా ఆపే ఉంచుంటే, డిస్క్ పూర్తిగా కూలిన రోజే నాకు తెలిసేది.

వెంటనే ఇండెక్సింగ్‌ను ఆపి, చదవగలిగినదంతా కొత్త ఎస్ఎస్‌డీకి కాపీ చేశాను. ఇక్కడ వరస ముఖ్యం. పోతున్న డిస్క్ మీద ముందే మరమ్మతు కమాండ్లు నడిపితే ఉన్న ఊపిరి కూడా పోవచ్చు. ముందు కాపీ, తర్వాతే మిగతావి. మూడు ఫైళ్లలో రెండు పాత పెన్‌డ్రైవ్‌లో దొరికాయి. మూడోది గూడూరు వాళ్ల భాగపరిష్కారం. వాళ్లింటికి కబురు చేసి, రిజిస్టరైన కాగితం తెప్పించుకుని మళ్లీ టైప్ చేశాను.

ఈ లాగ్‌తో నాకున్న పెద్ద ఇబ్బంది దాని జ్ఞాపకం. మామూలుగా ఒక్కో లాగ్‌కు 20 ఎంబీయే ఉంటుంది, నిండితే పాతవి చెరిగిపోతాయి. 507 అంతకు ముందు కూడా వచ్చిందేమో చూద్దామంటే ఆ నెలలు మిగల్లేదు. ఇప్పుడు ప్రాపర్టీస్‌లో దాన్ని 100 ఎంబీకి పెంచాను, మూడు నెలలకోసారి కాపీ దాస్తున్నాను. ఇండెక్స్ ఫైలు జీబీల్లోకి పెరగడం ఇంకో చికాకు. ఫైళ్లు వందల్లో ఉన్నవాళ్లు ఇంత శ్రమ పడక్కర్లేదు, ఫోల్డర్లు సర్దుకుంటే చాలు. లేఖరులు, వకీళ్లు, ఆడిటర్లు మాత్రం దీన్ని ఆపకండి.

అంగట్లో ఇప్పుడు పనిచేసే కుర్రాడు శనివారం అంగడి మూసేముందు లాగ్ తెరుస్తాడు. "అన్నా, 32 ఒకటి పడింది" అంటే బ్యాకప్ టైము అడుగుతాను. పోయిన వారం "అన్నా, 23 లేదు" అన్నాడు, నేను అడక్కముందే.