ఆరు గళ్ళ షీటు, రెండొందల బొమ్మల కార్డులు: నాలుగేళ్ళు వాడాక

నేను స్పీచ్ థెరపిస్టుని. ఈ సెట్టు కొని నాలుగేళ్ళు దాటింది. రెండొందల బొమ్మల కార్డులు, వాటిని వర్గాలుగా సర్దడానికి చిన్న ట్రేలు, ఒక ఆరు గళ్ళ షీటు. కార్డుల కోసమే కొన్నాను. చివరికి పనికొచ్చింది షీటు.

బొమ్మను మధ్యలో పెట్టి చుట్టూ ఉన్న గళ్ళు నింపాలి: ఏ గుంపుది, దేనికి వాడతాం, ఏం చేస్తుంది, ఎలా ఉంటుంది, ఎక్కడ ఉంటుంది, చూస్తే ఇంకేం గుర్తొస్తుంది. స్ట్రోక్ తర్వాత అఫేజియాతో, అంటే మెదడు దెబ్బతిని భాషకు వచ్చే ఇబ్బందితో, మాటల కోసం తడుముకునే పెద్దవాళ్ళకు చాలాకాలంగా చేయించే పద్ధతే ఇది. కొందరు పిల్లలదీ అదే ఇబ్బంది. మాట లోపలే ఉంటుంది, సమయానికి నోట్లోకి రాదు.

ఒక ఆరేళ్ళ బాబు గొడుగును "వానది" అనేవాడు. ఓ రోజు ఎక్కడుంటుందని అడిగితే "తలుపు వెనకాల" అన్నాడు. ఎలా ఉంటుంది? "నల్లగా... ముడుచుకుంటుంది." అని చేతులు దగ్గరికి తెచ్చి చూపించాడు. "గొ..." అని ఆగాడు. అందించాలని నాలుక చివరిదాకా వచ్చింది, ఆపుకున్నాను. "గొడుగు!" అన్నాడు, బల్ల మీద చరిచి మరీ.

ట్రేల సంగతి వేరు. పిల్లలు కుక్క కార్డును తీసుకెళ్ళి సోఫా కార్డు పక్కన పెడతారు. ఎందుకంటే "దాని మీద పడుకుంటుంది కదా మేడం" అంటారు. సెట్టుతో వచ్చిన పుస్తకం ప్రకారం అది తప్పు. నాకలా అనిపించదు. కలిసి కనిపించేవాటిని కలిపి పెట్టడం చిన్నపిల్లల్లో మామూలే. "అవును, మరి కుక్కలాంటివి ఇంకేమున్నాయి?" అని అక్కణ్ణించే మొదలుపెడతాను.

విసుగు తెప్పించినవీ ఉన్నాయి. ట్రే మీద "వాహనాలు" అని రాసుంది. ఇంట్లో ఎవరంటారా మాట? పైన "బండ్లు" అని కాగితం అంటించాను. ఫోన్ బొమ్మ డయల్ తిప్పే రకం, పిల్లలు దాన్ని ఫోన్ అనుకోరు. క్రియల కార్డులు మరీ తక్కువ, పైగా కదలని బొమ్మలో తోయడమూ లాగడమూ ఒకేలా కనిపిస్తాయి. వాటిని కుర్చీ పట్టుకుని నేనే చేసి చూపిస్తాను.

మొదట్లో నా తప్పూ ఉంది. ఒక్క సెషన్లో పదిహేను కార్డులు తిప్పేసేదాన్ని. 1978లో సూసన్ కేరీ, ఎల్సా బార్ట్‌లెట్ అనే పరిశోధకులు మూడు నాలుగేళ్ళ పిల్లలకు ఒక రంగు పేరుగా "క్రోమియం" అనే కొత్త మాట వినిపించారు. ఒకటి రెండుసార్లు విన్నందుకే కొందరికి అదొక రంగు పేరని అందింది, కానీ ఏ రంగో స్థిరపడలేదు. అలా పైపైన అందిన మాటలనే నేను వచ్చేశాయని టిక్కులు పెట్టుకుంటూ పోయాను. ఇప్పుడు వారమంతా నాలుగే మాటలు.

ఇంకో పాప "గుర్రం, జంతువు, పరిగెడుతుంది" అని ఎక్కాల్లా అప్పజెప్పేది. బయట బాటిల్ మూత పడిపోతే మాత్రం "అది పడింది" అనేది. రోజూ ఒకే వరుసలో అడిగింది నేనే. అప్పట్నించి గళ్ళ వరుస మారుస్తున్నాను. రెండో వారానికల్లా కార్డులు పక్కనపెట్టి పిల్లల బ్యాగులో వస్తువులే బయటికి తీయిస్తున్నాను.

ఇంకా మాటలే సరిగా రాని రెండేళ్ళ పిల్లల కోసమైతే కొనకండి, వాళ్ళకు ఆటే సరిపోతుంది. మాటలున్నా "అది, ఇది"తో నెట్టుకొచ్చేవాళ్ళకు పనికొస్తుంది. నా సెట్టులో సగం ట్రేలు విరిగాయి, కార్డులు కొన్ని పోయాయి, వెతకలేదు. షీటు మాత్రం మళ్ళీ మళ్ళీ జిరాక్స్ తీయిస్తూనే ఉన్నాను.