ఫెలోషిప్పా, నేరుగా ఉద్యోగమా?

అమెరికాలో డాక్టర్లకు రెసిడెన్సీ, అంటే చదువయ్యాక సీనియర్ల పర్యవేక్షణలో రోగులను చూస్తూ నేర్చుకునే శిక్షణ, తప్పదు. నర్స్ ప్రాక్టీషనర్లకు, అంటే పై చదువు చదివి జబ్బు గుర్తించి మందులు రాసే నర్సులకు, ఆ నిబంధన లేదు కాబట్టి చాలామంది లైసెన్సు రాగానే ఉద్యోగంలో చేరిపోతారు. పూర్తి జీతం వస్తుంది, చదువు అప్పు తీరుతుంది. చిక్కల్లా పేదలకు వైద్యం చేసే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లలోనే. వచ్చిన ఒక్క మనిషికే షుగరు, బీపీ, డిప్రెషన్. పైగా కొందరికి ఇన్సూరెన్స్ ఉండదు, ఒక్కోసారి ఇల్లే ఉండదు. కొత్తవాళ్లు అన్నీ కాసిన్ని నిమిషాల్లో తేల్చాలి.

ఈ ఇబ్బంది చూసే మార్గరెట్ ఫ్లింటర్ చొరవతో కనెక్టికట్‌లోని కమ్యూనిటీ హెల్త్ సెంటర్ ఇన్‌కార్పొరేటెడ్ 2007లో నర్స్ ప్రాక్టీషనర్ల కోసం 12 నెలల రెసిడెన్సీ మొదలుపెట్టింది. దీన్నే ఫెలోషిప్ అని కూడా అంటారు. దేశంలో అలాంటిది అదే మొదటిది. ఇందులోనూ సొంత రోగులుంటారు. కానీ సందేహం వస్తే అడగడానికి, ఆ పనికే కేటాయించిన ప్రిసెప్టర్ (నేర్పే సీనియర్) పక్కనే ఉంటారు. స్పెషాలిటీ క్లినిక్కులు, పాఠాలు అదనం. జీతం తక్కువే. కొన్నిచోట్ల తర్వాత అక్కడే పనిచేయాలని ఒప్పందం రాయించుకుంటారు, సంతకానికి ముందు చదువుకోండి.

ప్రైమరీ కేర్‌లో (రోగి మొదట వెళ్లే సాధారణ వైద్యంలో) ఏళ్లపాటు నర్సుగా చేసినవాళ్లకు, మంచి సీనియర్ దొరికితే, ఉద్యోగమే మేలు. కాలేజీ నుంచి సూటిగా వచ్చేవాళ్లకైతే నా ఓటు ఫెలోషిప్‌కే. ఉద్యోగమే అనుకుంటే, "ఓరియెంటేషన్ ఇస్తాం" అన్న మాటతో సరిపెట్టుకోకండి: ఎన్ని వారాలు, రోజుకు ఎందరు రోగులు, అడగాలంటే ఎవరుంటారు?